కార్పొరేటర్‌గా నిలబడటానికి నాకు అర్హత ఉందా, ఎందుకు నిలబడుతున్నావంటే ఏం చెప్పాలి?

విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒక చెల్లెమ్మ అడిగారు. ఆవిడ వయసు 34. పదో తరగతి వరకు చదివారు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతారు, పొదుపు సంఘానికి లీడరు. ముగ్గురు పిల్లలు. 2024 సెప్టెంబరు వరద తగ్గాక నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఆ వీధిలో అద్దెకుండేవాళ్లను వదిలేస్తే, ఈవిడే నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాశారు. వార్డు సచివాలయానికి పదిసార్లు వెళ్లి 30కి పైగా కుటుంబాలను జాబితాలో ఎక్కించారు. ఆ రోజుల్లోనే రోడ్డు మీద బైఠాయించినందుకు ఒక కేసు కూడా ఉంది. ఇప్పుడు వీధివాళ్లంతా కార్పొరేటర్‌గా నిలబడమంటున్నారట. వాళ్లాయన మాత్రం ‘నువ్వు సంతకాలు పెడితే చాలు, బయటి పనులు నేను చూసుకుంటా’ అంటున్నారట. ఆవిడ అడిగినవి రెండు: నాకు అర్హత ఉందా? ఎందుకు నిలబడుతున్నావని జనం అడిగితే ఏం చెప్పాలి?

చెల్లెమ్మా, మన కృష్ణా, గుంటూరు ప్రాంతంలో నేను రెండు విడతలు కార్పొరేటర్‌గా చేశాను, మూడోసారి ఓడిపోయాను. ఊరు, డివిజన్ నంబరు చెప్పను. నేను చెప్పబోయే మనుషులు ఇంకా ఆ వీధుల్లోనే ఉన్నారు. మీరు అడిగిన రెండో ప్రశ్న చాలా పెద్దది. మొదటిదానికి జవాబు చిన్నదే కాబట్టి ముందు అది చెప్పేస్తాను.

చట్టం అడిగేది తక్కువ. 21 ఏళ్లు నిండాలి. కార్పొరేషన్ ఓటర్ల జాబితాలో మీ పేరు ఉండాలి. మీరు పోటీ చేసే డివిజన్‌లోనే ఓటు ఉండక్కర్లేదు, ఊళ్లో ఏ డివిజన్‌లో ఉన్నా సరిపోతుంది. మిమ్మల్ని ప్రతిపాదించే మనిషికి మాత్రం ఆ డివిజన్‌లో ఓటు ఉండాలి. చదువుకు సంబంధించిన నిబంధన మన రాష్ట్రంలో లేదు. పదో తరగతి అని మీరు సిగ్గుపడినట్టు రాశారు, ఆ అవసరమే లేదు. కౌన్సిల్‌లో నా పక్క సీట్లో కూర్చున్న ఆవిడ సంతకం తప్ప రాయలేరు. కానీ ఆవిడ డివిజన్‌లో ఏ బోరు ఎన్ని అడుగుల లోతో నోటిలెక్కగా చెప్పేవారు. ఏఈలు (కార్పొరేషన్ అసిస్టెంట్ ఇంజినీర్లు) కూడా ఆవిడను అడిగి రాసుకునేవాళ్లు.

ముగ్గురు పిల్లల సంగతి. చాలాకాలం మన దగ్గర ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో మొదలైన ఆ నిబంధన పట్టణాలకూ ఉండేది. ఎంతోమంది మంచి ఆడవాళ్లు దానివల్లే ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. మూడో బిడ్డను కనాలా వద్దా అన్నది చాలా ఇళ్లలో ఆడమనిషి చేతిలో ఉండదు, శిక్ష మాత్రం ఆమెకే పడేది. 2024 నవంబరులో మన శాసనసభ ఆ నిబంధనను తీసేసింది. ఇంకా చాలామంది పాత మాటే చెబుతున్నారు. మీరు ధైర్యంగా ఉండండి.

కేసు ఉన్నంతమాత్రాన అర్హత పోదు, కోర్టు శిక్ష వేస్తేనే ఆ ప్రశ్న వస్తుంది. అయితే నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్‌లో (ప్రమాణపత్రంలో) ఆ కేసు నంబరు, సెక్షన్లు, ఏ స్టేషనో తప్పకుండా రాయాలి. అభ్యర్థులు కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వెల్లడించాలన్నది 2002, 2003లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులతో వచ్చింది. మీకు అది బరువు కాదు. వరద బాధితుల కోసం రోడ్డు మీద కూర్చున్న కేసు దాస్తే తప్పు, చెబితే గౌరవం. ఇంకో మాట. అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకండి. బంగారం లేకపోతే ‘లేదు’ అని రాయండి, వర్తించకపోతే ‘వర్తించదు’ అని రాయండి. గడులు ఖాళీగా వదిలేస్తే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పరిశీలన రోజున పెద్ద పెద్ద నేతల నామినేషన్లు కూడా చిన్న గడి దగ్గర ఆగిపోయి టెన్షన్ పడటం నాకు తెలుసు.

ఇక మిగిలినవి: కార్పొరేషన్‌లో మీ పేరు మీద కాంట్రాక్టు పనులు ఉండకూడదు, ఇంటి పన్ను, కుళాయి పన్ను బకాయి ఉంచుకోకూడదు, ప్రభుత్వ ఉద్యోగంలో ఉండకూడదు. బకాయి లేదన్న కాగితం ముందే తీసిపెట్టుకోండి, నామినేషన్ల వారంలో ఆ కౌంటరు దగ్గర జాతర ఉంటుంది. డిపాజిట్ ఎంతో నోటిఫికేషన్‌లో ఉంటుంది. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది గల్లంతే. గెలిచినా ఓడినా ఖర్చు లెక్కలు గడువులోగా ఇవ్వాలి. ఓడినవాళ్లు ఇక దేనికిలే అని ఊరుకుంటారు. అలా ఊరుకుంటే ఎన్నికల సంఘం పోటీకి అనర్హులుగా ప్రకటించవచ్చు.

రిజర్వేషన్ మాట మరిచిపోవద్దు. మన పట్టణాల్లో సగం స్థానాలు మహిళలవే. కానీ ఏ డివిజన్ ఎవరికి అన్నది ఎన్నికలకు ముందు ఖరారవుతుంది, ప్రతిసారీ మారుతుంది. 2021 మార్చి 10న పోలింగ్ జరిగినప్పుడు విజయవాడలో 64 డివిజన్లు, గుంటూరులో 57. ఈసారి మీ వీధి ఏ డివిజన్‌లో ఉంటుందో, అది ఎవరికి వస్తుందో చూసి గానీ గోడల మీద పేరు రాయించకండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఎందుకు నిలబడుతున్నావు?

నా మొదటి ప్రచారం నాలుగో రోజున జరిగింది చెబుతాను. పొద్దున ఎనిమిదిన్నర. సందు చివర పెంకుటిల్లు, అరుగు మీద ఒక మామ్మగారు చింతపండు పిక్క తీస్తున్నారు. నేను దణ్ణం పెట్టి ‘మామ్మగారూ, మీ ఇంటి ఆడపడుచు అనుకోండి. డివిజన్‌ను అభివృద్ధి చేస్తా, ఓటెయ్యండి’ అన్నాను. ఆవిడ మాట్లాడకుండా లోపలికెళ్లి ఒక సీసా తెచ్చారు. అడుగున రెండు వేళ్ల మందాన నల్లటి మడ్డి, పైన లేత పసుపు రంగు నీళ్లు. మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. మురుగు కంపు. ‘ఇయ్యి మా కుళాయి నీళ్లు. బాగు చేస్తానని చెప్పమాక. అట్టా చెప్పినోళ్లు శానామంది. ఎందుకిట్టా వస్తన్నాయో అది చెప్పు. చెబితే నా ఓటు నీకే’ అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. నా వెంట ఉన్న ఇరవైమందిలో ఎవరి దగ్గరా లేదు. మైకు ఉంది, డప్పులున్నాయి, పసుపు కుంకుమ పళ్లెం ఉంది. ఆ సీసాకు జవాబు మాత్రం లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు తెల్లవారుజామున మా వీధి ప్లంబర్ రాములును (అసలు పేరు మార్చాను) వెంటబెట్టుకుని ఆ సందుకు వెళ్లాను. మెయిన్ లైను రోడ్డుకు అటువైపు ఉంది. అక్కడి నుంచి ఇళ్లకు వచ్చే ఇనప గొట్టాలన్నీ సైడు కాల్వలో మునిగి దాటుతున్నాయి. రాములు కాల్వలో చెయ్యి పెట్టి గొట్టాన్ని గోకితే తుప్పు పెచ్చులుగా రాలింది. ‘నీళ్లు వదిలినప్పుడు ఒత్తిడికి చిల్లుల్లోంచి బయటికి పోతాయక్కా. ఆపేశాక గొట్టం ఖాళీ అవుతుంది, అప్పుడు కాల్వలో మురుగును లోపలికి లాక్కుంటుంది. రేప్పొద్దున మళ్లీ వదిలినప్పుడు మొదట వచ్చేది ఆ మురుగే’ అన్నాడు. పొద్దున మొదటి బిందెలే ఎందుకు కంపు కొడతాయో, పది నిమిషాల తర్వాత ఎందుకు తేటపడతాయో ఒక్క మాటలో తెలిసిపోయింది. రోజుకు ఒకటి రెండు గంటలే నీళ్లు వదిలే మన ఊళ్లన్నిటికీ ఈ జబ్బు ఉంది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు మంచినీళ్లు కలుషితమై అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఆ వార్త చదివిన రోజు నాకు మామ్మగారి సీసాయే కళ్లముందు మెదిలింది.

నేను మళ్లీ మామ్మగారి దగ్గరికి వెళ్లాను. ఈసారి డప్పులు లేవు. తుప్పు పెచ్చు ఒకటి కాగితంలో చుట్టుకుని వెళ్లి, అరుగు మీద పెట్టి రాములు చెప్పినట్టే చెప్పాను. ఆవిడ అంతా విని, పక్కింటి వాళ్లను కేకేసి ‘ఇటు రండి, ఈ పిల్ల చెప్పేది ఇనండి’ అన్నారు. ఆ రోజు ఆ అరుగు మీద గంటన్నర కూర్చున్నాను. ఎందుకు నిలబడుతున్నావంటే అప్పటివరకు ‘సేవ చేయడానికి’ అనేదాన్ని. ఆ రోజు నుంచి ‘కాల్వలో మునిగిన గొట్టాలన్నీ పైకి లేపించడానికి’ అన్నాను.

గెలిచాక ఆ ఒక్క పనికి 14 నెలలు పట్టింది. ఇది మీకు తెలియాలి, ఎందుకంటే మీరూ మాటిస్తారు. ముందు ఏఈ వచ్చి చూడాలి, ఎస్టిమేట్ వెయ్యాలి, మంజూరు రావాలి, టెండరు పిలవాలి. చిన్న పని, సందులోకి వాహనం రాదని మొదటి రెండుసార్లు ఎవరూ టెండరు వెయ్యలేదు. మూడోసారి ఒకాయన వేశాడు. అప్పుడు రోడ్డు తవ్వాలి, తవ్విన రోడ్డు మళ్లీ ఎవరు వెయ్యాలన్న పంచాయితీ. ప్రతి మెట్టు దగ్గరా ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో కనుక్కుని వెళ్లి నిలబడ్డాను. కార్పొరేటర్ పనిలో ముప్పాతిక భాగం ఇదే. ఓపికతో ఫైలు వెంట నడవడం. సచివాలయానికి పదిసార్లు తిరిగి 30 కుటుంబాల పేర్లు ఎక్కించిన మీకు ఈ పని నేర్పక్కర్లేదు. మీ అర్హత పత్రం ఆ నోటుబుక్కే. దాన్ని జాగ్రత్త చేయండి.

అయితే ఆ నోటుబుక్కు చూపించి ‘వరద రానివ్వను’ అని మాత్రం చెప్పకండి. బుడమేరు మైలవరం వైపు పుట్టి కొల్లేరులో కలిసే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ ఉంది. అక్కడి నుంచి వరద నీటిని డైవర్షన్ ఛానల్‌లోకి మళ్లించి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. 2024 సెప్టెంబరు మొదటి రెండు రోజుల్లో కృష్ణకే బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. నది నిండుగా ఉంటే ఛానల్ నీళ్లు నదిలోకి దిగవు. పైనుంచి వాన నీళ్లు, కింద దారి లేదు. కవులూరు దగ్గర ఛానల్ గట్టుకు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగాయి. నది ఒడ్డునే ఉన్న కృష్ణలంకను మాత్రం అక్కడ కట్టిన రిటైనింగ్ వాల్ (అడ్డుగోడ) కాపాడింది. ఆ గట్లు, ఆ రెగ్యులేటర్ ఇరిగేషన్ శాఖవి. కార్పొరేటర్ తీర్మానం పెట్టి అడగగలడు, కలెక్టర్‌కు, మంత్రికి అర్జీ ఇవ్వగలడు, అంతవరకే.

మరి మీ చేతిలో ఏముంటుంది? చాలా ఉంటుంది. జూన్‌కు ముందు మీ డివిజన్‌లో ఏయే కాల్వల్లో పూడిక తీశారో నిలబడి చూడొచ్చు. తీసిన పూడికను గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకు మళ్లీ కాల్వలోకే జారుతుంది, అది ఎత్తించొచ్చు. కాల్వల మీద స్లాబులు వేసి ఎక్కడెక్కడ మూసేశారో పట్టిక రాయించొచ్చు. మంచం మీద ఉన్న ముసలివాళ్లు, గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఏ ఇంట్లో, ఏ అంతస్తులో ఉన్నారో ముందే రాసి పెట్టుకోవచ్చు. వరద వచ్చిన మొదటి రెండు రోజులు పడవలు ఏ సందులోకి వెళ్లాలో తెలియక తిరిగాయని మీరే రాశారు. ఆ జాబితా ఉంటే పడవ నేరుగా వెళ్లేది. నష్టం ఇచ్చినప్పుడు కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తులో ఉన్నవాళ్లకు 10 వేలు అన్నారు కదా. ఆ ఇంట్లో యజమాని ఉన్నాడా, అద్దెవాళ్లున్నారా అన్న కాగితం ముందే ఉంటే మీ వీధిలో ఆ గొడవే వచ్చేది కాదు. ఇది నేను చెప్పడం లేదు, మీ నోటుబుక్కు చెబుతోంది.

కాబట్టి జనం అడిగినప్పుడు మీరు చెప్పాల్సింది ఇలా ఉంటే బాగుంటుంది, మీ మాటల్లోకి మార్చుకోండి: ‘వరదప్పుడు మన వీధిలో అద్దెకుండేవాళ్ల పేర్లు వదిలేశారు. నేను రాసి ఎక్కించాను. పక్క వీధివాళ్లకు అలా రాసే మనిషి లేక చాలామందికి డబ్బులు రాలేదు. డివిజన్ మొత్తానికి ఆ పని చేయడానికి నిలబడుతున్నాను. ప్రతి ఏడాదీ మే నెలలో కాల్వల పూడిక దగ్గర నేనుంటాను. బుడమేరు గట్టు నా చేతిలో లేదు, దాని గురించి కౌన్సిల్‌లో గట్టిగా అడుగుతాను.’ ఇంతే. అర నిమిషం పట్టదు. ఇందులో ‘సేవ’ లేదు, ‘అభివృద్ధి’ లేదు. చేసిన పని ఉంది, చేయబోయే పని ఉంది, చేయలేనిది కూడా ఉంది. చేయలేనిది ఒప్పుకున్న అభ్యర్థిని జనం గుర్తుపెట్టుకుంటారు, నేను చూశాను.

ఇంటి స్థలం ఇప్పిస్తావా అని అడుగుతారు. పింఛను రాయిస్తావా అంటారు. ఇవి కార్పొరేటర్ మంజూరు చేసేవి కావు. అర్జీ సచివాలయంలో పెట్టించి, ఎక్కడ ఆగిందో కనుక్కుని చెప్పగలరు. ఆ మాటే చెప్పండి. ఇంటి పన్ను గురించి తప్పకుండా నిలదీస్తారు. 2021 నుంచి అద్దె విలువ పోయి ఆస్తి మూలధన విలువ మీద పన్ను లెక్కిస్తున్నారు. అది రాష్ట్ర చట్టం, ఒక్క కార్పొరేటర్ తగ్గించలేరు. కానీ కొలతలు తప్పుగా రాసి పన్ను ఎక్కువ వేసిన ఇళ్లు ప్రతి వీధిలో ఉంటాయి, వాటికి రివిజన్ పెట్టించొచ్చు. చెత్త పన్ను 2024లో రద్దయింది కాబట్టి ఆ ప్రశ్న రాదనుకుంటాను. చెత్త బండి రావట్లేదన్న ప్రశ్న మాత్రం వస్తుంది. అది నూటికి నూరుపాళ్లు మీ పనే. శానిటరీ ఇన్‌స్పెక్టర్ పేరు, మేస్త్రీ పేరు, మీ డివిజన్‌కు ఎంతమంది కార్మికులను ఇచ్చారో, పొద్దున మస్టరుకు (హాజరుకు) ఎంతమంది వస్తున్నారో ఇప్పటినుంచే తెలుసుకోండి. వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీ, శానిటేషన్ సెక్రటరీ ఉంటారు. వాళ్లిద్దరితో మీకు మాటామంతీ ఉండాలి.

కౌన్సిల్ గురించి కూడా చెప్పాలి. సమావేశానికి ముందు అజెండా కట్ట ఇంటికి వస్తుంది. నూరు అంశాలుంటే ఎనభై ఒకేసారి ‘ఆమోదించడమైనది’ అని వెళ్లిపోతాయి. నేను మొదటి మూడు సమావేశాల్లో చెయ్యి ఎత్తి కూర్చున్నాను. నాలుగోసారి రాత్రంతా కూర్చుని అజెండా చదివాను. మా డివిజన్‌లో మూడు కాల్వల పూడిక తీసినట్టు బిల్లు అంశం కనిపించింది. అందులో ఒక కాల్వ మా ఇంటి వెనకదే, పార పెట్టిన గుర్తు లేదు. తెల్లారి లేచి తేదీ కనిపించేలా ఫోటోలు తీయించాను. సమావేశంలో లేచి, ఎం.బుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) తెప్పించి కొలతలు చదవమని అడిగాను. గొంతు వణికింది, చేతిలో కాగితం వణికింది. బిల్లు పక్కన పెట్టారు. పది రోజుల్లో ఆ కాంట్రాక్టరు వచ్చి పూడిక తీసి వెళ్లాడు. నేను చేసిందల్లా చదవడం, చూడటం, అడగడం. పదో తరగతి చదువుకు ఇంతకంటే ఏం కావాలి? మీరు గెలవకముందే ఇలాంటివి అడగొచ్చు. సమాచార హక్కు కింద అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ డివిజన్‌లో గత మూడేళ్లలో కాల్వలకు ఎంత ఖర్చు పెట్టారో, ఏ పనులు ఎక్కడ చేశారో ఇప్పుడే అడగండి. ప్రచారానికి అంతకంటే మంచి కరపత్రం ఉండదు.

ఇక మీ ఆయన మాట. కోపం తెచ్చుకోకుండా చదవండి, ఆయనకు కూడా చదివి వినిపించండి. నేను గెలిచిన కొత్తలో మా ఇంటికి వచ్చినవాళ్లంతా ‘సార్ లేరా?’ అని అడిగేవాళ్లు. ఫోను కూడా ఆయన దగ్గరే ఉండేది. నాకూ అది సుఖంగానే అనిపించింది, నిజం చెప్పాలి కదా. ఒక రాత్రి పదకొండింటికి మెయిన్ పైపు పగిలి కింద వీధి ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఆయన తెనాలిలో పెళ్లికి వెళ్లారు, ఆ హడావిడిలో ఫోను ఎత్తలేదు. జనం మా తలుపు కొట్టారు. తలుపు తీసింది వాళ్లు ఓటేసిన కార్పొరేటరే, కానీ ఆమె దగ్గర ఏఈ నంబరు లేదు, నీళ్లు వదిలే మనిషి పేరు కూడా తెలియదు. చంటిబిడ్డను భుజాన వేసుకున్న ఒకావిడ నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. మర్నాడే కొత్త సిమ్ తీసుకున్నాను. సచివాలయం గోడ మీద నా నంబరు రాయించాను. ఏఈ, లైన్‌మన్, మేస్త్రీ అందరి నంబర్లూ నేనే రాసుకున్నాను. మా ఆయన రెండు నెలలు ముభావంగా ఉన్నారు, తర్వాత ఆయనే నన్ను బండి మీద ఎక్కించుకుని తిప్పారు. బండి నడపడం, పిల్లల్ని చూసుకోవడం, బూత్ ఏజెంట్లను కూడగట్టడం, ఇవి ఆయన చేయొచ్చు. జనంతో మాట, అధికారులతో మాట, కౌన్సిల్‌లో మాట మీదే. ఈ సంగతి నామినేషన్ వేయకముందే ఇంట్లో తేల్చుకోండి. గెలిచాక తేల్చుకోవడం కష్టం. విజయవాడకు 2000లో పంచుమర్తి అనురాధ గారు మేయరైనప్పుడు ఆమె వయసు 26. మీకు 34. అనుభవం లేదని ఎవరైనా అంటే ఈ మాట గుర్తుచేయండి.

పార్టీయా, ఇండిపెండెంటా అని మీరు అడగలేదు గానీ అది వచ్చి తీరుతుంది. పంచాయతీల్లా కాదు, కార్పొరేషన్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. 2021లో విజయవాడలో వైఎస్సార్ కాంగ్రెస్ 49, తెలుగుదేశం 14, సీపీఎం ఒకటి గెలిచాయి, ఇండిపెండెంట్ ఒక్కరూ గెలవలేదు. గుంటూరులో ఇద్దరు గెలిచారు. కష్టం, కానీ అసాధ్యం కాదు. ఏ పార్టీ వాళ్లు వచ్చినా రెండు అడగండి: మేయర్ ఎన్నికలో మీరు చెప్పినట్టు ఓటేస్తాను, మా డివిజన్ కాల్వల విషయంలో మాత్రం నా నోరు కట్టేయరు కదా? బి-ఫారం (పార్టీ అభ్యర్థి మీరేనని ఇచ్చే కాగితం) ఎప్పుడు ఇస్తారు? మూడోసారి నాకు పార్టీ టికెట్ నీదే అని నెల రోజులు తిప్పి, ఉపసంహరణ రోజు మధ్యాహ్నం ఫారం వేరేవాళ్లకు ఇచ్చింది. ఆ నెల రోజులూ నేను ఇండిపెండెంట్‌గా గుర్తు కోసం సిద్ధపడి ఉంటే ఫలితం వేరేగా ఉండేదేమో. మీరు రెండింటికీ సిద్ధంగా ఉండండి.

డబ్బు. ఓటుకు ఇంత అని పంచేవాళ్లు ఉంటారు, మీ వీధిలోనూ తీసుకునేవాళ్లు ఉంటారు, వాళ్ల మీద కోపం పెట్టుకోకండి. కానీ మీరు పంచకండి, పంచడానికి అప్పు చేయకండి. మొదటిసారి నేను గాజులు తాకట్టు పెట్టాను. పంచడానికి కాదు, జీపులకీ భోజనాలకీ. ఆ గాజులు విడిపించడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ ఏ కాంట్రాక్టరు నవ్వుతూ ఇంటికి వచ్చినా నాకు భయం వేసేది. అప్పు ఉన్న కార్పొరేటర్‌ను కొనడం చాలా సులువని వాళ్లకు తెలుసు. మీకు పొదుపు సంఘం ఆడవాళ్లున్నారు, జీపులు అక్కర్లేదు. రోజుకు రెండు వీధులు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, కాలినడకన. చేతిలో నోటుబుక్కు. ఇంటికి వెళ్లి ఓటు అడిగే ముందు ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, కుళాయి నీళ్లు ఏ టైముకు వస్తున్నాయో అడిగి రాసుకోండి. సంఘం మీటింగులను మాత్రం ప్రచారానికి వాడకండి. పొదుపు డబ్బుల పుస్తకం ముందు ఓటు మాట వస్తే సంఘమే చీలిపోతుంది. ఒకరు మీకు ఓటేయకపోయినా వాళ్ల అప్పు సంతకం మీరే పెట్టాలి కదా.

ఇవన్నీ తర్వాత. రేపు పొద్దున చేయాల్సింది ఒకటే. ఓటర్ల జాబితా తీసి మీ పేరు, మీ ఆయన పేరు, మిమ్మల్ని ప్రతిపాదించే మనిషి పేరు ఎక్కడ, ఏ అక్షరాలతో, ఏ ఇంటి నంబరుతో ఉన్నాయో చూడండి. వరద తర్వాత చాలామంది అద్దెవాళ్లు ఇళ్లు మారారు, పాత చిరునామాల మీద పేర్లు తీసేసి ఉండొచ్చు. మీ నోటుబుక్కులో ఉన్న ఆ 30 కుటుంబాలతోనే మొదలుపెట్టి, ఎవరి పేరు లేదో గుర్తుపెట్టండి. లేనివాళ్లకు జాబితాలో పేరు చేర్చమని అడిగే ఫారం-6 నింపించండి. రోడ్డు మీద కూర్చున్న రోజు మీ పక్కన కూర్చున్నవాళ్లు వాళ్లే.